పిడుదు లేని సీసా

ఆ వీధిలో ఎవరింటి కుక్క చెవి గోక్కున్నా జనం తట్టేది అమ్మడింటి తలుపే. అమ్మడు అని పిలిచే హక్కు వాళ్ల నాన్న ఒక్కడిదే అనుకోండి. మిగతా వీధికంతా ఆమె పిడుదులమ్మ. నలభై దాటిన మనిషిని, పరిశోధనశాలలో మంచి ఉద్యోగం చేసే మనిషిని పట్టుకుని ఇదేం పిలుపు అంటే, ఏం చేస్తాం, ఆమె పనే కుక్కలకీ పశువులకీ పట్టే పిడుదులతో. కలలో కూడా పిడుదులే వస్తాయా అని ఎవరైనా వేళాకోళం చేస్తే, కలదాకా ఎందుకు, ఒక్కోసారి చొక్కా చేతుల్లోనే వస్తాయని నవ్వేసేది.

ఆ పనేమిటో రెండు ముక్కల్లో చెప్పాలి, లేకపోతే మిగతా కథ అర్థం కాదు. ఆడ పిడుదు కుందేలు చెవికి అతుక్కుని నెత్తురు తాగడం మొదలుపెట్టాక ఒంట్లోంచి ఒక వాసన వదులుతుంది. అది మన ముక్కుకి అందదు. అదే చెవి మీద ఇంకో పక్కన మూతి గుచ్చుకుని కదలకుండా కూర్చున్న మగ పిడుదుకి మాత్రం అందుతుంది. అందిన మరుక్షణం వాడు తిండీ తిప్పలూ మానేసి, మూతి పీక్కుని, ఆమెని వెతుక్కుంటూ బయల్దేరతాడు. ఆ వాసన పేరు డైక్లోరోఫినాల్. ఏ పిడుదులో అది ఎంత ఉందో కొలవడం అమ్మడి పని. కొలత తెలిస్తే అంతే వాసనని విషంతో కలిపి ఒక పూసలో పెట్టి ఆవు మెడకి కట్టొచ్చని, మగ పిడుదులన్నీ దానికే పోయి చస్తాయని, ఆవు ఒళ్లంతా మందు నీళ్లతో తడపక్కర్లేదని పైవాళ్ల ఆశ. పిడుదుల్నీ కుందేళ్లనీ పెంచే ఆయన, అందరూ కుందేళ్ల బాబాయి అనేవారు, దీనికి మహా నొచ్చుకునేవాడు. "పెళ్లికని పిలిచి ప్రాణం తీస్తారా? మీకు ఉసురు తగుల్తుంది" అని అమ్మడిని తిట్టి, మర్నాడు మళ్లీ తనే ఒక డబ్బాడు ఆడ పిడుదుల్ని తెచ్చిచ్చేవాడు.

కొలిచే తీరు కూడా చెప్పేస్తాను. పిడుదుని చిన్న గాజు సీసాలో వేసి, పెట్రోలు లాంటి తేలిక ద్రావకం పోసి నానబెట్టాలి. వాసన అందులోకి దిగుతుంది. దాన్ని వడకాగితపు గరాటాలోంచి వడగట్టి, ఆరబెట్టి, మిగిలిన చుక్కని సూదితో యంత్రంలోకి ఎక్కించాలి. యంత్రం దాన్ని ఆవిరి చేసి వెంట్రుకంత సన్నటి గొట్టంలోంచి తోలుతుంది. తెర మీద ఒక గీత నడుస్తూ ఉంటుంది. డైక్లోరోఫినాల్ వచ్చే నిమిషానికి గీత లేచి దిగుతుంది. ఆ లేచినదాన్ని అక్కడ అందరూ కొండ అనేవారు. కొండ ఎత్తుని బట్టి కొలత. గ్రాములో వందకోట్లలో ఒక వంతుని కూడా ఆ యంత్రం వదిలిపెట్టదు. అందుకే ప్రతిసారీ పిడుదు లేకుండా ఒక ఖాళీ సీసా కూడా పెడతారు. అన్నీ అలాగే చెయ్యాలి, అదే ద్రావకం, అదే గరాటా, అదే సూది, ఒక్క పిడుదు మాత్రం ఉండకూడదు. అక్కడ గీత చదునుగా రావాలి. వస్తేనే మిగతా కొలతలకి విలువ.

ఇక గరాటాల సంగతి. అంత చిన్న గరాటాలు బజారులో దొరకవు. పరిశోధనశాలలో ఎవరు మడిచినా కొసన కారిపోయేవి. అమ్మడి నాన్న మడిచినవి మాత్రం చుక్క కారవు. ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. బతుకంతా మందుపొడులు పొట్లాలు కట్టిన వేళ్లు. చక్కెర జబ్బుతో ఎడమ పాదానికి పుండు పడి కుర్చీకి అంటుకుపోయాక, భార్య కూడా పోయాక, ఆయనకి గోడ తప్ప తోడు లేకుండా పోయింది. ఉలుకూ పలుకూ లేదు. అన్నం తిన్నావా అంటే తిన్నాను, పడుకున్నావా అంటే పడుకున్నాను. ఒకనాడు అమ్మడు విసుగెత్తి, కారిపోయే తన గరాటాని ఆయన ముందు పడేసి, "కాస్త దీని సంగతి చూడు నాన్నా" అంది. ఆయన చూశాడు. అటు తిప్పి ఇటు తిప్పి, "దీన్నెవరు మడిచారే, కాలితో మడిచారా?" అన్నాడు. చాలాకాలానికి ఇంట్లో వినిపించిన మొదటి ఎకసెక్కెం అదే.

ఆనాటి నుంచి ఆయన ఒక్కడే ఒక కార్ఖానా. కిటికీ పక్కన కుర్చీ, స్టూలు మీద పుండు కాలు, ఒళ్లో పలక. అంచు మీద అంచు పడాలి, మడిచిన చోట గోరు ఒక్కసారే ఆడాలి, రెండోసారి ఆడితే కాగితం చచ్చిపోతుందట. మడిచినవన్నీ పాత బిస్కెట్ల డబ్బాలో వరసగా సర్ది సాయంత్రం అమ్మడి చేతిలో పెట్టేవాడు. పలకరించడానికి ఎవరొచ్చినా, "మా పరిశోధన ఎంతవరకొచ్చిందంటే..." అని మొదలుపెట్టేవాడు. మా అమ్మాయి పరిశోధన అని కాదు, మా పరిశోధన. అమ్మడు వంటింట్లోంచి వింటూ నవ్వుకునేది.

అలా హాయిగా సాగుతుండగా ఖాళీ సీసాలో కొండ లేచింది.

మొదటిసారి అమ్మడు కళ్లద్దాలు తుడుచుకుంది. రెండోసారి గాజు సామానంతా మళ్లీ కడిగింది. మూడోసారికి పై అధికారిణి వచ్చి వెనక నిలబడింది. ఆవిడని అందరూ మేడమ్ అంటారు. అరవదు, మెల్లగా మాట్లాడుతుంది, అదే భయం. "పిడుదు లేని సీసాలో పిడుదు వాసన వస్తోందంటే, పిడుదులున్న సీసాల్లో మనం కొలిచింది దేన్ని?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది. ఎక్కడి నుంచి వస్తోందో తేలేదాకా కొలతలన్నీ ఆపేయమంది.

అమ్మడు వేట మొదలుపెట్టింది. ద్రావకం మార్చింది, సూది మార్చింది, సీసాల మూతలు మార్చింది. సాయంత్రం ఇంటికెళ్లి నాన్నకి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. ఆయనకి అదో పండుగ. "దొంగ దొరికాడా?" అనేవాడు గుమ్మంలోనే. రోజుకొకళ్లని అనుమానించేవాడు. ఒకరోజు గది తుడిచే మందు, ఒకరోజు గొట్టం, ఒకరోజు కుందేళ్ల బాబాయి తలనూనె. "ఆ నూనె వాసనకి మగ పిడుదులేం ఖర్మ, ఆడ పిడుదులు కూడా పారిపోతాయి" అని పకపకా నవ్వేవాడు.

చివరికి మిగిలింది గరాటా ఒక్కటే. పెట్టెలోంచి తీసిన కొత్త వడకాగితాన్ని మడవకుండా నానబెట్టి చూసింది. చదును. నాన్న మడిచిన గరాటాని నానబెట్టి చూసింది. కొండ. ఇంకోటి చూసింది, ఇంకోటి చూసింది, అన్నీ కొండలే. బిస్కెట్ల డబ్బా తీసుకెళ్లి కుందేళ్ల బాబాయి ముక్కు దగ్గర పెట్టి, "ఏమైనా వాసనొస్తోందా?" అని అడిగింది.

"ఆసుపత్రి వాసన" అన్నాడాయన వెంటనే. "నీకు రావట్లేదా?"

ఆమెకి రావట్లేదు. రోజూ పీల్చే వాసన మరి. నాన్న పుండు కడిగే గోధుమరంగు మందు అది. ఎన్నో మందులు వాడి విసిగిపోయాక డాక్టరు ఈమధ్యే దాన్ని రాశాడు. దానితోనే ఆ పుండు మొదటిసారి మానుముఖం పట్టింది. పొద్దున్నే అమ్మడు తన చేత్తో కడిగి కట్టు కడుతుంది. నాన్న వేళ్లకి, పక్కబట్టలకి, కిటికీ పరదాకి, అంతటా అదే. అది కూడా డైక్లోరోఫినాల్ జాతి మందే అయి ఉండాలి.

ఆ సాయంత్రం దారంతా అమ్మడు అబద్ధాలు అల్లుకుంటూ నడిచింది. ఆమెకి అబద్ధం చెప్పడం చేతకాదు, ఆ సంగతి ఆమెకీ తెలుసు. మేడమ్‌కి నిజం చెప్పడం తేలికే. కానీ నీ వేళ్లే మా పని పాడుచేస్తున్నాయని ఆ మనిషితో ఎలా చెప్పడం? మళ్లీ ఆ గోడ, ఆ మౌనం. అంతకంటే గరాటాలు తీసుకెళ్లి సొరుగులో పడేస్తే పోలా అనుకుంది.

"దొంగ దొరికాడా?" అన్నాడు నాన్న.

"లేదు నాన్నా."

"కాగితాలేవీ? కొత్తవి తేలేదే?"

"అయిపోయాయి. రేపొస్తాయి."

ఆయన కూతురి మొహం వైపు చూశాడు. తర్వాత ఆమె భుజం మీది సంచీ వైపు చూశాడు. పక్కనున్న మందు సీసా తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, చీటీ మీది చీమల్లాంటి అక్షరాలు వేలు పెట్టి చదివాడు. కాంపౌండరు కదా, అవి ఆయనకి చుట్టాలే. ఫినాల్ అన్న మాట దగ్గర వేలు ఆగింది.

"నేనే కదూ" అన్నాడు.

అమ్మడు భుజం మీంచి సంచీ దించింది.

"డాక్టరు మందు మార్చిన దగ్గర్నుంచే కదూ నీ కొండలు మొదలైంది? ఊరందర్నీ దొంగలన్నాను. పాపం ఆ నూనాయన్ని కూడా." నవ్వబోయాడు గానీ నవ్వు సగంలో ఆగిపోయింది. "ఒక సీసా ముట్టుకున్న చేత్తో ఇంకో సీసా ముట్టుకోకూడదని నేనెంతమందికి చెప్పానో అమ్మడూ."

"ఇది నీ తప్పు కాదు నాన్నా. నేనే ఆలోచించాల్సింది."

ఆయన మందు సీసా మూత బిగించి అవతల పెట్టాడు. మళ్లీ ఇటు తిరిగేసరికి కళ్లలో పాత వెలుగు కొంచెం వచ్చింది. "ఇదేమన్నా తీరని కష్టమా? పొద్దున్నే, మందు ముట్టుకోకముందే మడుస్తాను. వెనక గదిలో కూర్చుంటాను. చేతులు సబ్బుతో తోముకుంటాను. ఇంకోటి, కట్టు కూడా నేనే కట్టుకుంటాను. నువ్వు కట్టి ఆ చేతుల్తోనే యంత్రం దగ్గరికి పోతే మళ్లీ మొదటికొస్తుంది. వంగితే అందే కాలే కదా."

అందులో న్యాయం ఉంది. పైగా పొద్దున్నపూట ఆ హడావిడి తప్పుతుందని అమ్మడికి లోలోపల కాస్త తెరిపిగా కూడా అనిపించింది. తర్వాత ఆ తెరిపిని తలుచుకుని ఎంత కుమిలిపోయిందో చెప్పలేను.

మర్నాటి గరాటాల్లో కొండ సగమైంది. మధ్యాహ్నం ఫోను చేసి చెబితే అవతల నాన్న పిల్లాడిలా కేరింత కొట్టాడు. ఆ తర్వాతవాటిలో ఇంకా తగ్గింది. కొండ గుట్టయింది, గుట్ట దిబ్బయింది. "ఇవాళెంత?" అని ఆయనే ఫోను చెయ్యడం మొదలుపెట్టాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి తెల్లటి కట్టుతో, తల దువ్వుకుని, డబ్బా ఒళ్లో పెట్టుకుని సిద్ధంగా ఉండేవాడు. పుండెలా ఉంది అంటే, "దానికేం, దివ్యంగా ఉంది. నీ పిడుదుల సంగతి చెప్పు" అనేవాడు.

ఒకరోజు గీత లేవలేదు. అమ్మడు తెర దగ్గరికి మొహం పెట్టి చూసింది. చదును, గచ్చులాగా. మేడమ్ వచ్చి చూసి, "ఇక కొలతలు మొదలుపెట్టండి" అని, అరుదుగా నవ్వే నవ్వొకటి నవ్వి వెళ్లింది. కుందేళ్ల బాబాయి టీ తెచ్చాడు. నాన్నకి చెప్పాలని అమ్మడు ఫోను తీసింది.

నంబరు నొక్కబోతున్న వేలు ఆగిపోయింది.

సబ్బుతో ఎంత తోమినా గీత ఇంత చదునుగా రాదు. ఈ యంత్రం సంగతి తనకంటే ఎవరికి తెలుసు? ఒకసారి పక్క గదిలో సీసా మూత తీస్తేనే ఈ గదిలో గీత లేచింది. ఆ ఇంటి గాలే మందు గాలి. ఆ గాలిలో మడిచిన కాగితం ఇంత శుభ్రంగా ఉందంటే... నిన్న సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టినప్పుడు ఏ వాసన వచ్చింది? సబ్బు వాసన. కొత్తగా, కొట్టొచ్చినట్టు సబ్బు వాసన. అవును, ఒక్క సబ్బు వాసనే.

టీ గ్లాసు అక్కడే వదిలేసి అమ్మడు పరుగెత్తింది. కోటు విప్పడం కూడా మరిచిపోయింది.

నాన్న వెనక గదిలో గరాటా మడుస్తున్నాడు. కూతుర్ని ఆ వేళప్పుడు చూసి, "ఏమే, పోయిందా కొండ?" అన్నాడు ఆశగా.

"కట్టు విప్పు నాన్నా."

"ఇప్పుడే కదే కట్టుకున్నాను."

"విప్పు."

ఆయన విప్పలేదు. ఆమే నేల మీద కూర్చుని విప్పింది. పైకి తెల్లగా ముచ్చటగా ఉంది కట్టు, పొట్లం కట్టినంత చక్కగా. లోపల పుండు అంచులు నల్లబడ్డాయి. చిటికెన వేలు రంగు మారింది. మడమ దాకా వాచి, ముట్టుకుంటే కాలుతోంది. అలమర తెరిచి చూస్తే మందు సీసా నిండుగా, మూతకి పాత గుడ్డ చుట్టి, సంచీలో మూటకట్టి ఉంది. ఇంట్లో దాని వాసన రాకూడదని.

"కాచి చల్లార్చిన నీళ్లతో కడుగుతూనే ఉన్నానే" అన్నాడు నాన్న, దొరికిపోయిన పిల్లాడిలా. "మొదట్లో సగం మందు వేశా. నువ్వు తగ్గిందన్నావు. సరే, ఇంకాస్త తగ్గిద్దామని..."

"నీకు బుద్ధుందా? కాంపౌండరువా నువ్వు? ఇంకొన్నాళ్లయితే కాలే తీసేసేవాళ్లు!"

"కాలుతో నాకేం పని అమ్మడూ? ఎక్కడికి పోవాలి నేను?" ఆయన తన రెండు చేతులూ ముందుకు చాపాడు, చూపిస్తున్నట్టు. "నీకు పనికొచ్చేవి ఇవే కదా. ఇవి బాగానే ఉన్నాయి."

అమ్మడు భోరుమంది. ఏడుస్తూనే ఆ చేతులు పట్టుకుని, "నేను సాయంత్రమైతే ఇంటికి పరుగెత్తుకొచ్చేది గరాటాల కోసమనుకున్నావా? నీకోసం నాన్నా. నువ్వు ఒక్క కాగితం మడవకపోయినా నీకోసమే వస్తాను. నీకు తెలీదా?" అంది. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టబోయి, చెయ్యి శుభ్రంగా ఉందో లేదో చూసుకుని, అప్పుడు పెట్టాడు.

డాక్టరు ఇద్దరికీ కలిపి చీవాట్లు పెట్టాడు. కాలు దక్కింది. చిటికెన వేలు దక్కలేదు. అదే గోధుమరంగు మందుతో పూటపూటా కడగాలన్నాడు. పొద్దునా సాయంత్రం అమ్మడు చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని కడుగుతుంది, మధ్యాహ్నం ఆమె పనిలో ఉన్నప్పుడు ఆయనే కడుక్కోవాలి.

ఇంటికొచ్చాక నాన్న మళ్లీ గోడ వైపు తిరిగాడు. బిస్కెట్ల డబ్బా మూత తియ్యలేదు. పలక మంచం కింద పెట్టేశాడు. పరిశోధనశాలలో ఇప్పుడు గరాటాలు అమ్మడే మడుస్తోంది, సగానికి సగం కారుతున్నాయి. ఆ మాట చెప్పి నవ్విద్దామని చూసింది. "ఊఁ" అన్నాడంతే. కట్టు కడుతుంటే కాలు ఇచ్చేవాడు, కాలు తనది కానట్టు. మధ్యాహ్నం కట్టు మార్చుకున్నావా అంటే, మార్చుకున్నాను అనేవాడు. తిన్నాను, పడుకున్నాను, మార్చుకున్నాను. ఆ గొంతులో అమ్మడికి నమ్మకం కుదరలేదు. మనిషిని బతికించుకున్నాను గానీ మనిషి దక్కలేదని ఆమె బెంగ.

అలా కొన్నాళ్లు చూసి, ఒక సాయంత్రం ఆమె సంచీలోంచి కొత్త వడకాగితాల కట్ట తీసి ఆయన ఒళ్లో పెట్టింది.

"మడువు నాన్నా."

"ఎందుకు? పాడైపోతాయి."

"పాడవ్వాలనే. మధ్యాహ్నం కట్టు కట్టుకున్నాక, చేతులు కడుక్కోకుండా, ఈ కుర్చీలోనే కూర్చుని మడువు. రోజుకొకటి చాలు. తీసుకెళ్లి యంత్రంలో పెడతాను."

"పెట్టి?"

"మధ్యాహ్నం మందు వేసుకున్న వేళ్లయితే కొండ ఒకలా వస్తుంది, వేసుకోని వేళ్లయితే ఒకలా వస్తుంది. నీ నోటి మాట నేను నమ్మను. నీ గరాటాని నమ్ముతాను."

ఆయన కళ్లద్దాల మీదుగా చూశాడు. "అంటే నన్ను కొలుస్తావా? నేనేమన్నా పిడుదునా?"

"పిడుదువే. పట్టిన పట్టు వదుల్తావా ఎప్పుడైనా?"

ఆయన పెదాలు కదిలాయి. నవ్వొచ్చింది గానీ బయటపడలేదు. చెయ్యి మాత్రం మంచం కింద పలక కోసం తడిమింది. అమ్మడే వంగి తీసిచ్చింది. ఆయన ఒక కాగితం తీసుకుని, వెలుగుకి పట్టి చూసి, అంచు మీద అంచు పెట్టి, గోరు ఒక్కసారి ఆడించాడు.

"మీ మేడమ్ ఏమీ అనదా?"

"అడిగాను. పని గంటలయ్యాక నా ఇష్టం వచ్చింది కొలుచుకోమంది. మర్నాడు ఎంతొచ్చిందని ఆవిడే అడుగుతుందేమో కూడా."

మర్నాడు పిడుదుల కొలతలన్నీ అయ్యాక, వాటి సామాను కడిగి పక్కన పెట్టి, అమ్మడు వేరే సీసాలో వేరే సూదితో నాన్న గరాటాని నానబెట్టింది. చుక్క ఎక్కించి తెర ముందు కూర్చుంది. గీత చాలాసేపు చదునుగా నడిచింది. ఇన్నాళ్లూ ఏ నిమిషం దగ్గర గీత లేవకూడదని మొక్కుకుందో, ఆ నిమిషం దగ్గరికి వస్తుంటే లే నాన్నా, లే అని లోపల గొణుక్కుంది.

గీత లేచింది. లేచి, నిట్టనిలువుగా, తెర పైఅంచు దాకా పోయింది.

టీ గ్లాసులు తీసుకుపోతున్న కుందేళ్ల బాబాయి ఆగి నోరెళ్లబెట్టాడు. "ఓరి నాయనో, ఎంత ఎత్తు! నా పిడుదుల్లో ఏదమ్మా ఇంత పని చేసింది?"

"పిడుదు లేని సీసా బాబాయ్" అంది అమ్మడు, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ. "మా నాన్నది."

ఆయనకి ఏమర్థమైందో గానీ, గ్లాసులు కింద పెట్టి తనూ పక్కన కూర్చున్నాడు. గీత మెల్లగా దిగి మళ్లీ చదునయ్యేదాకా ఇద్దరూ చూశారు. తర్వాత అమ్మడు ఇంటికి ఫోను చేసింది.

"ఎంతొచ్చానే?" అన్నాడు నాన్న మొదటి మోతకే ఫోనెత్తి.